నర్సింగ్ సీటు, సర్కారు డబ్బు: ఏ పని ముందు, ఏది తర్వాత

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. నేను కర్నూలులో స్టాఫ్ నర్సుని, మాది పత్తికొండ వైపు పల్లె. చుట్టుపక్కల ఊళ్లలో నర్సు ఉద్యోగంలో ఉన్న తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కావడంతో అందరూ నన్నే అడుగుతారు. "సిస్టరమ్మా, గవర్నమెంటోళ్లు నర్సింగ్ కాలేజీలకు కోట్లు ఇస్తాండారంట కదా, మా పాపకు ఏమొస్తాది?"

ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ అలసిపోయి, ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను. మీరు చదివే అమ్మాయైనా అబ్బాయైనా, చదివించే నాన్నైనా సరే, ఏజెంటుకు ఫోన్ చేసే ముందు ఇది చదవండి.

ముందుగా ఆ కోట్ల సంగతి

2023 బడ్జెట్‌లో కేంద్రం 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామంది. అదే ఏడాది ఏప్రిల్ 26న కేబినెట్ ఒప్పుకుంది. మొత్తం 1,570 కోట్లు, కాలేజీకి 10 కోట్ల లెక్క. ఏటా 15,700 మంది బీఎస్సీ నర్సులు బయటికి రావాలన్నది ఉద్దేశం. ఈ కాలేజీలు 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే పెట్టాలన్నది షరతు. కర్నూలు మెడికల్ కాలేజీ 1956 నాటిది. అనంతపురంది 2000లో వచ్చింది, కడప రిమ్స్ 2006లో. అంటే ఈ మూడూ ఆ షరతుకు బయటే. మన రాష్ట్రంలో కేంద్రం సాయంతో ఆ తర్వాత మంజూరైన మెడికల్ కాలేజీలు పాడేరు, మచిలీపట్నం, పిడుగురాళ్ల. సీట్ల కోసం రాష్ట్రాన్ని యూనివర్సిటీ ఏరియాలుగా విడదీశారు, అవన్నీ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉన్నాయి. మనం ఎస్వీ యూనివర్సిటీ ఏరియా. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే పోతాయి కాబట్టి, అక్కడ మన పిల్లలు పోటీ పడేది మిగిలిన 15 శాతంలోనే.

పేపర్లో కోట్లు కనబడినా ఆ డబ్బు మీ ఖాతాలో పడేది కాదు. గోడలు, ల్యాబులు, సీట్లుగా మారుతుంది. మీ ఇంటి దాకా వచ్చే సర్కారు డబ్బుకు వేరే దారులున్నాయి. తక్కువ ఫీజుతో సర్కారు కాలేజీ సీటు ఒకటి. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా సీటు (కౌన్సెలింగ్‌లో ర్యాంకు చూసి యూనివర్సిటీ ఇచ్చేది), దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండోది. ఈ రెండూ కుదరకపోతే వడ్డీ రాయితీ ఉన్న బ్యాంకు లోను. అమ్మాయిలకైతే చాలామందికి తెలియని మరో దారి కూడా ఉంది, అది చివర్లో చెబుతాను.

ఏ కోర్సో తేల్చుకోండి

బైపీసీ చదివి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం వచ్చి (ఎస్సీ, ఎస్టీలకు 40), ఇంగ్లిష్ విడిగా పాసై ఉంటే బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్లండి. కోర్సు 4 ఏళ్లు. చేరే ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్లు నిండాలి. ఎంపీసీ, సీఈసీ వాళ్లకు బీఎస్సీ కుదరదు. వాళ్లకు 3 ఏళ్ల నర్సింగ్ డిప్లొమా, జీఎన్ఎం ఉంది. పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తల కోర్సు ఏఎన్ఎం 2 ఏళ్లు, అమ్మాయిలకు మాత్రమే.

"జీఎన్ఎం అయితే ఏడాది ముందే సంపాదన మొదలవుతుంది కదా" అని నాన్నలు అంటారు. నిజమే. నేనూ జీఎన్ఎం చేసినదాన్నే. తర్వాత ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేశాను. ఆ రెండేళ్లు ఎలా గడిచాయో నాకే తెలుసు. బీఎస్సీకి అర్హత ఉంటే ముందే బీఎస్సీ చేయండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (ఆ క్లినిక్ చూసుకునే హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు మన రాష్ట్రంలో బీఎస్సీ అడుగుతారు. ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా బీఎస్సీ ఉండాల్సిందే.

కాగితాలు: సుగ్గికి పోయే ముందే

మార్కులు బాగా ఉండి కూడా కాగితాల దగ్గర సీటు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను కాబట్టి ఇది కొంచెం సాగదీసి రాస్తున్నాను.

మన పడమటి మండలాల్లో సగం ఊరు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు పోతుంది. మిరపకోతలకు. ఆధార్‌కు లింకైన ఫోన్ నాన్న జేబులో, నాన్న గుంటూరు చేనులో. ఇక్కడ పాప సచివాలయంలో కూర్చుని ఉంటుంది, ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి చెప్పేలోగా టైం అయిపోతుంది. మూడుసార్లు ఇలా అయ్యాక డిజిటల్ అసిస్టెంట్ "రేపు రా పాపా" అంటాడు. రేపు సర్వర్ ఉండదు. అందుకే ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే, పాప ఆధార్‌కు పాప దగ్గరుండే నంబర్ లింక్ చేయించండి. కొత్త సిమ్ ఖర్చు ఒక పూట కూలి కంటే తక్కువే.

తర్వాత పేర్లు. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మెమోలో "లక్ష్మీదేవి" అని కలిపి, ఆధార్‌లో "లక్ష్మి దేవి" అని విడిగా ఉంటే కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు మనుషులు. పుట్టిన తేదీ కూడా అంతే. పదో తరగతి మెమోను మార్చడం కష్టం, ఆధార్‌ను మార్చడం తేలిక. కాబట్టి మెమోలో ఎలా ఉందో ఆధార్‌ను అలా చేయించండి. బ్యాంకులోనూ అదే పేరు.

కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ సచివాలయంలో గానీ మీసేవలో గానీ పెట్టండి. సంతకం తహసీల్దార్‌ది. ఓసీల్లో పేదవాళ్లకు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఉంటుంది. దానికి ఏటా గడువు అయిపోతుంది, పోయిన ఏడాదిది అన్నకు చేయించాం కదా అని తెస్తే చెల్లదు.

స్టడీ సర్టిఫికెట్లు 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా, ఒక్క ఏడాది కూడా ఖాళీ లేకుండా తెచ్చుకోవాలి. ఎందుకంటే మీరు లోకలా కాదా అన్నది వీటితోనే తేలుస్తారు. ఇంటర్‌తో కలిపి వెనక్కి వరుసగా 4 ఏళ్లు ఎస్వీయూ ఏరియాలో, అంటే రాయలసీమ, నెల్లూరుల్లో చదివి ఉంటే మీరు ఇక్కడి లోకల్. వరుసగా 4 ఏళ్లు ఒకే ఏరియాలో లేకపోతే 7 ఏళ్ల చదువు చూసి, ఎక్కడ ఎక్కువ కాలం ఉన్నారో లెక్కిస్తారు. ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో వేసిన పిల్లలకు, సుగ్గి బళ్లలో ఒక ఏడాది గుంటూరులో చదివిన పిల్లలకు ఈ చిక్కు వస్తుంది. బడి మూతబడిందని, హెడ్ మాస్టర్ మారాడని చివరి రోజు తెలుసుకోవడం కంటే మే నెలలోనే ఒకసారి అన్ని బళ్లకూ తిరిగి రండి.

అన్నీ అయ్యాక రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఒరిజినల్స్ ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

దరఖాస్తు

బీఎస్సీ నర్సింగ్ సీట్లు ఇచ్చేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఒకప్పటిలా ఇంటర్ మార్కులు ఒక్కటే చాలవు, ప్రవేశ పరీక్ష ర్యాంకు కావాలి. ఏ పరీక్ష రాయాలో యూనివర్సిటీ సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు నమ్మకండి. జీఎన్ఎం నోటిఫికేషన్ కోసం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసు నోటీసు బోర్డు మీద కన్నేసి ఉంచండి. రెండింటికీ పెట్టండి. ఒకటి వస్తే ఇంకొకటి వదిలేయొచ్చు.

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నెట్ సెంటర్ అబ్బాయి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి టీ తాగడానికి పోవద్దు. పక్కనే కూర్చోండి. కాలేజీల వరుస ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. సర్కారు కాలేజీలు దూరమైనా అవి పైన, ప్రైవేటు కన్వీనర్ సీట్లు ఆ తర్వాత. "ఇంటికి దగ్గర" అన్న ఒక్క కారణంతో సర్కారు సీటును కిందకు తోసేస్తే, ఆ ఒక్క క్లిక్కు ఖరీదు మీకు నాలుగేళ్ల ఫీజు. మొదటి విడతలో రాలేదని దిగులు పడి వెంటనే మేనేజ్‌మెంట్ సీటు కొనుక్కోకండి. ఎంబీబీఎస్, వెటర్నరీ, అగ్రికల్చర్ వచ్చిన పిల్లలు వెళ్లిపోయాక తర్వాతి విడతల్లో సీట్లు కిందికి దిగుతాయి. కౌన్సెలింగ్ ఒక్కోసారి పండగల దాకా సాగుతుంది, ఓపిక పట్టాలి.

కాలేజీ చూడ్డానికి వెళ్లి, ఆసుపత్రి చూసి రండి

ఆప్షన్లు పెట్టే ముందు వెళ్లగలిగిన కాలేజీలకు వెళ్లండి. వెళ్లినప్పుడు ఏసీ ల్యాబు, బొమ్మ మనిషి, గోడల మీద ఫ్లెక్సీలు చూపిస్తారు. చూడండి, కాదనను. కానీ "మీ సొంత ఆసుపత్రి ఎక్కడ?" అని అడగండి. నర్సింగ్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూలు. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. పది మంది విద్యార్థులకు ఒక టీచర్.

ఇప్పుడు లెక్క వేయండి. 100 మంచాల్లో 75 మంది రోగులున్నారనుకుందాం. ఒక్కొక్కరికి ముగ్గురు చొప్పున 25 మంది విద్యార్థులకే సరిపోతారు. ఏడాదికి 60 సీట్లున్న కాలేజీలో నాలుగేళ్లకు కలిపి 240 మంది పిల్లలు. మిగతా వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు? వేరే పెద్ద ఆసుపత్రులకు పోస్టింగ్‌కు పంపుతారు. అందులో తప్పేమీ లేదు. ఏ ఆసుపత్రికి పంపుతారు, ఏడాదికి ఎన్ని నెలలు, బస్సు ఎవరిది అని మాత్రం అడిగి తెలుసుకోండి.

మంచాల మీద మనుషులున్నారో లేదో కూడా చూడండి. ఉదయం పదిన్నరకు వెళ్లి వార్డులో దుప్పటి మడత నలగని మంచాలు ఎన్నున్నాయో లెక్కపెడితే సగం సంగతి అర్థమైపోతుంది.

మా వార్డుకు పోస్టింగ్‌కు వచ్చే పిల్లల్లో తేడా ఇట్టే తెలుస్తుంది. రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయికి బీపీ చూడమని చెప్పాను. కఫ్ సరిగ్గానే చుట్టింది, స్టెత్ పెట్టింది, గాలి వదిలింది. 120/80 అంది. పక్క మంచం ముసలాయనకూ 120/80 అంది. మూడో మనిషికీ అదే. చివరికి నెమ్మదిగా అడిగితే, "మేడం, నాకు శబ్దం వినిపించలేదు, మా కాలేజీలో ఒక్క మనిషికి పది మందిమి చూసేవాళ్లం, నా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి నొప్పి అనేవాడు" అని ఏడ్చేసింది. తప్పు ఆ పిల్లది కాదు. రోజూ డ్యూటీ దిగే ముందు ఒక అరగంట మా వార్డులో కూర్చోబెట్టి చూపించాను. వారానికి సరిగ్గా పట్టేసింది.

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లా, నంద్యాల వాళ్లే కాదు, గద్వాల నుంచి, కర్ణాటకలో రాయచూరు నుంచి కూడా రోగులు వస్తారు. నేర్చుకోవాలనుకునే పిల్లలకు అంతకంటే మంచి పాఠశాల లేదు. కష్టం కూడా అక్కడే ఎక్కువ. టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ ప్రమాణం. నేను గతంలో పనిచేసిన ఒకచోట, పేరు ఎందుకులెండి, నైట్ డ్యూటీలో నలభై మంచాలు ఒక్కదాన్నే చూసిన రాత్రులున్నాయి. ప్రపంచం మొత్తం మీద 2023 నాటికి 58 లక్షల మంది నర్సులు తక్కువున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్క అర్థం కావాలంటే ఒక్క నైట్ డ్యూటీ చేస్తే చాలు.

ఏజెంట్లు

జూన్ వచ్చేసరికి ఊళ్లలోకి దిగుతారు. తెల్ల చొక్కా, చేతిలో రంగుల బ్రోచర్. "బెంగళూరులో సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, హాస్టల్ ఫ్రీ, పది వేలు కడితే సీటు బ్లాక్ అయిపోతాది" అంటారు. బెంగళూరులో మంచి కాలేజీలు లేవని నేననను. కానీ అక్కడ ఏజెంటు ఇచ్చే సీటు మన కన్వీనర్ కోటా సీటు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందన్న మాటను కాలేజీ లెటర్‌హెడ్ మీద, సీలు వేసి రాసిమ్మనండి. సగం మంది మళ్లీ కనబడరు.

మా చిన్నాన్న కూతురు అలాగే ఒక కాలేజీలో చేరింది. చేరిన రోజు పది, ఇంటర్ ఒరిజినల్స్ తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. రెండో నెలలో ఫ్రీ కాదని తేలింది. వచ్చేద్దామంటే నాలుగేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. మా చిన్నాన్న రెండు ఎద్దులు అమ్మి ఒక ఏడాది ఫీజు కట్టి, బతిమాలి తెచ్చుకున్నాడు. ఎక్కడ చేరినా సరే, ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో పేరుపేరునా రాసిన రసీదు తీసుకోండి. కాలేజీ పేరు ఆ ఏడాది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో వాళ్ల సైట్‌లో మీరే చూడండి, ఏజెంటు ఫోన్‌లో చూపించే ఫొటో కాదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్

ఇది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో భాగం. కేంద్రం పథకంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ఎస్సీ విద్యార్థుల విషయంలో 2020 డిసెంబర్‌లో కేంద్రం ఐదేళ్లకు 59,048 కోట్ల పథకానికి ఒప్పుకుంది. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అప్పటి నుంచి కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఇక్కడే తంటా వస్తుంది. ఖాతాలో డబ్బు పడగానే ఇంట్లో అప్పు గుర్తొస్తుంది. ఆ డబ్బు కాలేజీ ఫీజు డబ్బు. వాడేసుకుంటే పరీక్షల ముందు హాల్ టికెట్ దగ్గర కాలేజీ మిమ్మల్ని పట్టుకుంటుంది.

చేయాల్సిన పనులు చిన్నవే. చేరే ముందు కాలేజీ ఆఫీసులో "నా సీటు కన్వీనర్ కోటానా, ఈ కోర్సు జ్ఞానభూమి (రాష్ట్రం స్కాలర్‌షిప్ సైట్) పోర్టల్‌లో ఉందా" అని అడగండి. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ రాదు. చేరిన వారంలోపు కాలేజీ చేత పోర్టల్‌లో పేరు ఎక్కించుకోండి, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర వేలిముద్ర పని పూర్తి చేయండి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉందో లేదో ఆధార్ సైట్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" నొక్కితే కనబడుతుంది. రెండు మూడు ఖాతాలున్న ఇళ్లలో డబ్బు ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉంటుంది. రాలేదని ఏడ్చే ముందు అదొకసారి చూసుకోండి. హాజరు 75 శాతం తగ్గకూడదు. డబ్బు విడతలుగా వస్తుంది, ఆలస్యమూ అవుతుంది. "గవర్నమెంటు ఇచ్చేదాకా ఆగుతారా, ముందు మమ్మల్నే కట్టమంటారా" అన్నది ప్రిన్సిపాల్‌ను చేరే రోజే అడగండి.

లోను కావాలంటే

4 లక్షల దాకా బ్యాంకులు పూచీకత్తు అడగకూడదు. 7.5 లక్షల దాకా కేంద్రం గ్యారంటీ ఫండ్ ఉంది, ఇల్లు తాకట్టు పెట్టమంటే ఆ మాట గుర్తు చేయండి. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) లాంటి గుర్తింపు ఉంటే చదివినంత కాలం, ఆ పైన ఇంకో ఏడాది వడ్డీ కేంద్రమే కడుతుంది. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టి, దాని నంబర్ పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ఊరికే వెళ్లి అడిగితే "తర్వాత రా" అంటారు, నంబర్ ఉంటే ఆయన ఏదో ఒక జవాబు రాయాలి.

చాలామందికి తెలియని దారి

మిలిటరీ నర్సింగ్. పెళ్లికాని అమ్మాయిలకు సైన్యం తన ఆసుపత్రుల కాలేజీల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిస్తుంది. ఏడాదికి 220 సీట్లు, పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లో. చదువు, తిండి, ఉండటం వాళ్లే చూసుకుంటారు, స్టైపెండ్ ఇస్తారు, చదువయ్యాక ఆఫీసర్‌గా మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో చేరాలి. దీనికి నీట్ రాయాలి. డాక్టర్ సీటు రాదు కదా అని నీట్ ఫారమే నింపని బైపీసీ అమ్మాయిలు మన దగ్గర ఎంతమందో. డాక్టర్ కాకపోయినా దీనికోసమైనా రాయండి.

చేరాక

కోర్సు పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మీరు నర్సు కాదు. ఫైనల్ మార్కుల మెమో చేతికొచ్చిన వారంలోనే పెట్టండి. నర్సు ఉద్యోగాలకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్షకైనా, కడప రీజినల్ డైరెక్టర్ ఆఫీసు నుంచి మన జోన్‌కు వచ్చే స్టాఫ్ నర్స్ పోస్టులకైనా మొదట అడిగేది ఆ నంబరే.

ఇక మొదటి వార్డు పోస్టింగ్‌కు కొనుక్కోవాల్సినవి: జేబు సైజు నోట్‌బుక్, మడమ ఎత్తులేని నల్ల బూట్లు, చిన్న కత్తెర, సెకన్ల ముల్లున్న వాచీ. ఫోన్ చూసి నాడి లెక్కపెడతామంటే మా హెడ్ సిస్టర్ ఊరుకోదు. వాచీ రాజ్‌విహార్ సెంటర్ దగ్గర రెండు మూడు వందలకే దొరుకుతుంది, తెల్ల డయల్‌ది తీసుకోండి. రాత్రి లైట్లు తగ్గించిన వార్డులో నల్ల డయల్ మీద ముల్లు కనబడదు.